ఊపిరి పందెం

"ఆ వల నాది కాదు బాబూ! నా వలలన్నీ ఇంటికాడే ఉన్నాయి. ఒచ్చి సూసుకోండి!"

కొండబాబు వినలేదు. ముసలి అప్పలసూరి మెడ పట్టుకుని, కొడుకుని పోగొట్టుకున్న దానమ్మ వాకిట్లోకి తోశాడు. ముసలాడి చొక్కా భుజం దగ్గర చిరిగిపోయింది. సమాధి దగ్గర నుంచి తిరిగొచ్చిన చర్చి వాళ్లంతా ఇంకా అక్కడే కూర్చుని ఉన్నారు. ఎవరూ అడ్డం చెప్పలేదు.

గరివిడి అవతల మూసేసిన మాంగనీసు గని గొయ్యి ఉంది. వాననీళ్లు నిండి చెరువులా మారింది. ఆదివారం ఆరాధన అయ్యాక కొండబాబు లాంటి కుర్రాళ్లు అక్కడికి ఈతకు పోతారు. మునిగి ఎవరు ఎక్కువసేపు ఉంటే వాళ్లదే గెలుపు. ఓడినవాళ్లు గెలిచినవాణ్ణి వారమంతా 'గురువుగారూ' అని పిలవాలి. ఏడాదిగా ఆ పిలుపు దానమ్మ కొడుకు రాబర్ట్‌దే.

మొన్న ఆదివారం రాబర్ట్ మునిగాడు. ఎప్పుడూ అందరికంటే ఆలస్యంగా తేలేవాడే కాబట్టి ఒడ్డున ఎవరూ కంగారుపడలేదు. పిలిచారు, నవ్వారు, ఈలలు వేశారు. చివరికి అతని ప్రాణస్నేహితుడు శాంతికుమార్ దూకాడు. నీటి అడుగున బండ సందులో ఎవరో కట్టిన చేపల వలలో చిక్కుకుని ఉన్నాడు రాబర్ట్. శాంతికుమార్ వల తెంపి పైకి తెచ్చేసరికి ఊపిరి లేదు.

ఊళ్లో చేపలు పట్టేది అప్పలసూరి ఒక్కడే.

కొండబాబు చెయ్యెత్తాడు. శాంతికుమార్ గబగబా వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఒగ్గీరా. ముసిలోడ్ని కొట్టకు."

"నీ నేస్తాన్ని సంపినోడ్రా ఈడు!"

"ఈ మావ సంపనేదు. ఒగ్గీమన్నానా!"

గొడవకి దానమ్మ లోపల్నుంచి లేచి వచ్చింది. అప్పలసూరి వైపు చూడనైనా లేదు.

"ఒరే శాంతీ, ఇలగ రా. ఊళ్లో ఏటేటో అంతన్నారు. ఆ బండ కింద గాలాడే గుల్ల ఉన్నాదంట. నా కొడుకు సందులోంచి దూరి, అక్కడ ఊపిరి తీసుకుని, మీ అందరికీ టోపీ ఎట్టీవోడంట. నిజమేనా?"

కొండబాబు తల దించుకున్నాడు. తర్వాత మునిగి ఆ సందు చూసొచ్చి, ఆ మాట బయటపెట్టింది అతనే.

శాంతికుమార్‌కి తెలుసు. ఓ ఆదివారం వెనకాలే మునిగి కళ్లారా చూశాడు. నిలదీస్తే రాబర్ట్ నవ్వేసి, "ఎవులికి సెప్పినా నమ్మర్రా. ముందు గురువుగారూ అను" అన్నాడు. ఆ నవ్వు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది.

"అబద్దం పిన్నీ," అన్నాడు. "ఆడెప్పుడూ దొంగాట ఆడనేదు. ఆ ఊపిరి ఆడిదే. ఆ రోజు సేపని తరిమి అలగెల్లినాడు, అంతే."

"నా మీద ఒట్టెయ్యి."

శాంతికుమార్ ఆమె చేతిలో చెయ్యి వేశాడు. దానమ్మ అతని భుజం మీద తల ఆనించి, అంతవరకూ రాని ఏడుపు ఏడ్చింది.

"నా కొడుకు మోసగాడు కాదు. నాకదొక్కటి సాలు."

ఇంతలో పోలీసు జీపు వచ్చి ఆగింది. కానిస్టేబుళ్లు అప్పలసూరి రెక్క పట్టుకున్నారు. ముసలాడు శాంతికుమార్ కాళ్ల మీద పడబోయాడు.

"బాబూ, నువ్వొక్కడివే నన్ను నమ్మినావు. నువ్వైనా ఆల్లకి సెప్పు. నా ఇంటిదానికి నేను తప్ప ఇంకెవులూ నేరు."

శాంతికుమార్ వంగి అతన్ని పట్టుకుని ఆపాడు. జీపు కదిలిపోయాక కూడా అటే చూస్తూ నిలబడ్డాడు.

దానమ్మ అతని చెయ్యి పట్టి లోపలికి తీసుకెళ్లింది. రాబర్ట్ తినే కంచంలో అన్నం పెట్టింది.

"తిను నాయినా. పరాయోడి కోసం అంతమంది మీదికి ఎల్లినావు. నీలాటి మనసు ఎవులికుంటాది? ఇకమీదట నువ్వే నా కొడుకువి."

ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

రాబర్ట్ ఇక దొంగాట ఆడకూడదని ఆ సందుకి వల కట్టింది శాంతికుమారే.