ఇరవయ్యో దెబ్బ

"కళ్ళద్దాలు పెట్టుకోండి బాబాయ్. లేజర్ కంట్లో పడిందంటే చూపు పోతుంది," అంది ల్యాబ్ అమ్మాయి.

ఫర్నేసు మేస్త్రి పెట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు సలసల కాగే ఉక్కు పక్కన నిలబడ్డ మనిషి, వేలెడంత ముక్క ముందు బిక్కచచ్చిపోయాడు.

పోడూ మరి? నాలుగు రోజుల కింద క్రేన్ కొక్కెం విరిగి, బరువు మీద పడి ఇద్దరు చనిపోయారు. ఆ కొక్కేనికి ఉక్కు పోసింది మేస్త్రి. ఉక్కు మంచిదైతే, మోయకూడనంత బరువు ఎత్తిన క్రేన్ డ్రైవర్‌ది తప్పు. ఉక్కు చెడ్డదైతే మేస్త్రిది. డ్రైవర్ ఇప్పటికే లాకప్పులో ఉన్నాడు. వాడో తనో, ఈ పూటతో తేలిపోతుంది.

"అంతా మీ కళ్ళ ముందే జరగాలి," అంటూ ఆమె విరిగిన కొక్కెం ముక్క వచ్చిన కవరు మీది సీలు చూపించింది. నంబరు అతని చేతే చదివించింది. "ముక్కని నిన్న కోసి, సానబట్టి, ఈ నల్ల బిళ్ళలో బిగించాను. నునుపుగా లేకపోతే లెక్క సరిగా రాదు."

మేస్త్రికి ఆ పిల్ల పద్ధతి నచ్చింది.

"ఇది ఉడకడానికి ఎంతసేపమ్మా?" పక్కనే కూర్చున్న పోలీసు ఇన్‌స్పెక్టర్ ఆవులించాడు.

"పావుగంట సార్."

టక్. లేజర్ తగిలి ముక్క మీద మిణుగురంత మెరుపు. ఆవిరైన లోహం సన్నటి గొట్టంలోంచి యంత్రంలోకి పోయింది. తెర మీద ఒక్కో మూలకానికీ ఒక్కో గీత లేచింది.

"మొదటి అయిదు దెబ్బలూ లెక్కలోకి రావు బాబాయ్. పైన జిడ్డూ దుమ్మూ ఉంటాయి. అసలు సంగతి లోపలే తెలుస్తుంది."

"కాల్చమ్మా. నా ఉక్కు సంగతి నాకు తెలీదా? ఆ డ్రైవరంటే నాకేం పగ లేదు గానీ, వాడు ఎత్తకూడని బరువు ఎత్తాడు. అంతే."

ఆమె తెర మీంచి తల తిప్పలేదు.

ఆరు. ఏడు. పది. ఒక గీత మాత్రం మిగతావాటిని తోసుకుని పైకి వచ్చింది.

"ఏంటమ్మా అది?"

"భాస్వరం."

ఆ మాటకి అర్థం అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. భాస్వరం ఎక్కువైన ఉక్కు వంగదు. గాజులా పుటుక్కున విరుగుతుంది.

"ఇంకా లోపలికి పో తల్లీ. పైపై మురికేమో!"

ఆమె ఇంకా లోతుకి కాల్చింది. ఇరవయ్యో దెబ్బకి కూడా గీత దిగలేదు. ఉండాల్సినదానికి నాలుగింతలుంది.

"ఇంకో ముక్క తెప్పించి చూడకూడదా సార్?"

"ఎన్ని ముక్కలు చూసినా అదే ఉక్కు కదయ్యా," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మేస్త్రి స్టూలు మీద కూలబడ్డాడు. ఆ ఉక్కు పోసిన రోజు ఒళ్ళు కాలిపోయే జ్వరం. మేనేజరు నెత్తిన కూర్చున్నాడు. అయినా పోత పోసే ముందు తను గరిటెడు ఉక్కు తీసి పరీక్షకి పంపాడు. పంపాడనే గుర్తు. నిజంగా పంపాడా? పొద్దుటిదాకా గుండె మీద చెయ్యేసుకుని చెప్పేవాడు. ఇప్పుడు తన మీద తనకే నమ్మకం పోయింది.

"తప్పు నాదేనేమో సార్," అన్నాడు చివరికి. "ఆ ఇద్దరి ఉసురూ నాకే తగలాలి."

చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు. ఆమె గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చిచ్చింది. ఆమె కళ్ళనిండా నీళ్ళు.

"ఏడవకు తల్లీ. నీ పని నువ్వు చేశావు," అని ఆమెనే ఓదార్చి, మేస్త్రి పోలీసు జీపెక్కాడు.

ఆ సాయంత్రం, లాకప్పులోంచి బయటపడ్డ క్రేన్ డ్రైవర్ని, తన తోడబుట్టిన తమ్ముణ్ణి, స్కూటర్ వెనక ఎక్కించుకుని ఇంటికి పోతూ, ల్యాబ్ అమ్మాయి వంతెన మీద ఆగి, కవరులో వచ్చిన అసలు ఉక్కు ముక్కని నీళ్ళలోకి విసిరేసింది.