పసుపు పూసిన ఉక్కు

భీమిలిలో భూమి రోజూ కదిలే కాలం అది. ప్రతి ఇంటి ఉక్కు స్తంభానికీ, అదే ఉక్కులోంచి కోసిన ఒక జంట ముక్క ఊరి షెడ్డులో ఉండేది. భూమి ఆ స్తంభాన్ని ఊపినట్టే, యంత్రం దాన్ని ఆగకుండా అటూ ఇటూ వంచుతుండేది. ముక్క చిట్లితే ఇంటి స్తంభానికీ రోజులు దగ్గరపడ్డట్టే; గంట కొట్టేవారు. సాయంత్రానికల్లా ఆ ఇల్లు ఖాళీ చేయాలి, మర్నాడు కూల్చేస్తారు.

ఆ ముక్కల్ని కనిపెట్టుకునే పని నూకరత్నానిది. ఆమె అత్త పైడమ్మ ప్రతి శుక్రవారం వచ్చి తమ ఇంటి ముక్కకు పసుపు పూసి, బొట్టు పెట్టి, దండం పెట్టుకునేది.

ఈ శుక్రవారం చూస్తే, ఎండిన పసుపు సన్నటి గీతలా పెచ్చులూడి ఉంది. దాని కింద ఉక్కు చిట్లింది.

నూకరత్నం గంట వైపు కదిలింది. పైడమ్మ గబగబా ఆ గీత మీద తడి పసుపు మెత్తింది.

"ఇప్పుడు అవుపడదు గదే. కొట్టకే రత్నం!"

"ఇల్లు మనమీద పడిపోద్దత్తా."

"పడితే పడనీ. సముద్రం మీదికెల్లిన నా కొడుకు తిరిగొస్తే, ఏ గుమ్మంలోకొస్తాడే?"

ఆ కొడుకే నూకరత్నం మొగుడు. అతను పడవెక్కిన నాటి నుంచీ గుమ్మంలో దీపం కొండెక్కకుండా చూసుకుంటున్నది ఆమే.

అత్త చేతుల పసుపును కొంగుతో తుడిచి, నూకరత్నం గంట కొట్టింది. ఇంటికి వెళ్లి, సామాన్లు సర్దకముందే, ఆ దీపాన్ని తన చేత్తోనే కొండెక్కించింది.