గోల్కొండలో ఉన్న తమ్ముడికి

తలారి గాస్పార్ సమ్మెట ఎత్తి దించాడు.

చెక్కల మధ్య బిగించిన లుబెన్ కుడికాలు పటపటమంది. అరుపు జైలు గోడలకు కొట్టుకుని తిరిగొచ్చింది.

"రాసినవాడెవడ్రా?" న్యాయమూర్తి వాల్కూర్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని అడిగాడు.

"పుస్తకం మీదే ఉంది కదా దొరా. గోల్కొండ వజ్రాల వర్తకుడు. పారిస్ చూడ్డానికొచ్చాడు."

"నా చెవిలో పూలు పెడుతున్నావా? ఊరంతా గాలించాం. గోల్కొండ వాడు ఒక్కడూ లేడు. వీడెవడో ఇక్కడి వెధవే. వేషం కట్టి మనల్ని తిడుతున్నాడు."

లుబెన్ అచ్చాఫీసు నేలమాళిగలో దొరికిన పుస్తకం అది. వాల్కూర్ తెరిచి చదివాడు.

"'గోల్కొండలో ఉన్న తమ్ముడికి, పారిస్ నుంచి మీ అన్న వ్రాయునది. ఇక్కడి న్యాయమూర్తులు తాము ఉరితీయించినవాళ్ళ జుట్టే విగ్గులుగా నెత్తిన పెట్టుకుని, మర్నాడు మళ్ళీ తీర్పులు చెబుతారు.' ఎంత పొగరు!" పుస్తకం విసిరికొట్టాడు. "పేరు చెప్పు, ఇంటికి పో. వాడి చెయ్యి నరికి ఉరితీస్తాను. చెప్పకపోతే వాడి బదులు నువ్వు వేలాడతావు."

లుబెన్ నెత్తురు ఉమ్మాడు. "ఉత్తరాలే వస్తాయి దొరా. మనిషి రాడు."

"కొట్టరా ఇంకోటి!"

గాస్పార్ చెక్క సరిచేస్తున్నట్టు వంగాడు. "చెప్పెయ్," గొణిగాడు. "నీకు దణ్ణం పెడతాను."

"నీకు ముగ్గురు ఆడపిల్లలు కదూ? నీ పని నువ్వు చూసుకో."

గాస్పార్ కొట్టాడు. ఎడమకాలూ పోయింది.

మధ్యాహ్నానికి, ఉరికొయ్య ఉన్న గ్రేవ్ మైదానం కిక్కిరిసింది. నడవలేని లుబెన్‌ను గాస్పార్ భుజాన వేసుకుని నిచ్చెనెక్కాడు. కుళ్ళిన క్యాబేజీలు వచ్చి ఇద్దరికీ తగిలాయి.

"ఒరేయ్ గోల్కొండా, వజ్రాలేవిరా?" ఎవడో అరిచాడు. జనం విరగబడి నవ్వారు.

ఉచ్చు తగిలిస్తూ గాస్పార్ మళ్ళీ అడిగాడు. "ఒక్క పేరు. ఇప్పుడు చెప్పినా దింపేస్తారు."

"ముడి సరిగ్గా వెయ్యి."

"లుబెన్..."

"తొయ్యవయ్యా!"

తోశాడు. మెడ విరగలేదు. లుబెన్ గిలగిల కొట్టుకుంటుంటే గాస్పార్ అతని భుజాల మీదికి దిగి, తన బరువంతా వేసి తొక్కాడు. టక్కుమంది.

చచ్చినవాడి బట్టలూ జుట్టూ తలారివి. ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. గాస్పార్ శవాన్ని దింపి కత్తెర తీశాడు.

గుర్రబ్బండి ఎక్కబోతున్న వాల్కూర్ ఆగి చూశాడు. తేనె రంగు జుట్టు. ఒత్తుగా, మెడ దాకా ఉంది.

"ఏయ్, ఇంకెవడికీ అమ్మకు. మా విగ్గులవాడి కొట్లో ఇచ్చెయ్."

"చిత్తం దొరా."

సందెవేళ గాస్పార్ ఇంటికొచ్చి, తలుపు గడియ పెట్టి, కలం సిరాలో ముంచి రాయడం మొదలుపెట్టాడు: "గోల్కొండలో ఉన్న తమ్ముడికి, పారిస్ నుంచి మీ అన్న వ్రాయునది. ఈ వేళ న్యాయమూర్తిగారికి కొత్త జుట్టు దొరికింది."