మస్తరులో ఎక్కువైన పూటలు

"మేస్త్రీ బాబూ, ఇదేటి? పోయిన వారం నాను ఆరు పూటలే కదా ఒచ్చినాను. పదని రాసీసినారేటి?"

హాజరు వేసే మస్తరు పుస్తకంలో ఎక్కువ రాశారని తగువుకొచ్చే మనిషిని గురునాథరావు మేస్త్రీ తన సర్వీసులో చూడలేదు. కళ్ళజోడు పైకి నెట్టుకుని ఆదిలక్ష్మమ్మను ఎగాదిగా చూశాడు.

"నీ ఇంటి నంబరు మీద పని జరిగింది, రాసినాను. ఎల్లు తల్లీ, ఎల్లు."

అది పంతొమ్మిదివందల డెబ్భై తొమ్మిదో సంవత్సరం. మల్కాపురం వెనక సొసైటీ వాళ్ళు ఇళ్ళు కట్టిస్తున్నారు. స్థలం, సిమెంటు సొసైటీవి. రెక్కల కష్టం ఇల్లు కావాలన్నవాళ్ళది. ఇంటికి రెండొందల పూటలు పని చెయ్యాలి. వానలు పడేలోగా నిండకపోతే ఆ ఇల్లు వెయిటింగ్ లిస్టులో మొదటి పేరుకి పోతుంది. ఖలాసీ పని చేసే భర్త జగ్గారావు సైకిలు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. పొద్దుటి పూట పనికి రావడం, సాయంత్రం అతనికి చాకిరీ చెయ్యడం, ఇదే ఆదిలక్ష్మమ్మ బతుకైపోయింది. ఇల్లు చెయ్యి జారిపోతుందని బెంగ. మరి ఈ ఎక్కువ పూటలు ఎవరివి? ఆ రాత్రి ఆమెకు అన్నం సహించలేదు.

"మీ తమ్ముడు గానీ ఒచ్చి సేత్తన్నాడేటి?" అని భర్తను అడిగింది.

"ఆడా? తిన్న కంచం తియ్యనోడు సిమెంటు కలుపుతాడేటే," అన్నాడు జగ్గారావు.

మర్నాడు పక్క వరసలో ఇటుకలు తడుపుతున్న ప్రేమలీలను అడిగింది. ప్రేమలీల ఆసుపత్రిలో ఆయా. పెద్దగా మాట్లాడదు.

"సాయంత్రాలు మా ఇంటికాడ ఎవరైనా అవుపడ్డారా అక్కా?"

"ఎవరైతే ఏటమ్మా, పనవుతాంది కదా."

"అవున్లే. ఆ లిస్టులో మొదటి పేరోళ్ళున్నారు సూడు, నా కాలు కూడా ఎప్పుడిరుగుద్దా అని కాసుక్కూకున్నారు. ఆళ్ళ నోట్లో మన్ను పడ."

ప్రేమలీల బకెట్టు వంచి తర్వాతి వరస తడిపింది.

వారాలు గడిచాయి, మొదటి వాన ఇంకా పడలేదు. మేస్త్రీ పుస్తకం మూసి, "నిండిపోనాయమ్మా. ఇల్లు నీదే," అన్నాడు.

ఆదిలక్ష్మమ్మ ఆ పుస్తకం అంచు పట్టుకుంది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "ఇప్పుడైనా సెప్పండి బాబూ, ఎవరు?"

"సెప్పొద్దని ఒట్టేయించుకుంది. పనైపోనాది కదా, ఇంకేటి," అని ఇటుకల గుట్ట వైపు చూపించాడు.

అక్కడ ప్రేమలీల చెంగుతో చేతులు తుడుచుకుంటోంది. సిమెంటు ఒరిపిడికి వేళ్ళు పుళ్ళు పడ్డాయి. ఆదిలక్ష్మమ్మ పరిగెత్తి ఆ చేతులు పట్టుకుంది.

"నీ ఇల్లొదిలీసి మా ఇంటికి సేసినావా అక్కా? నీ పూటలు నిండినాయా? నీదేటి నంబరు?"

"నాకు నంబరు రానేదమ్మా. పక్క వరసలో నాను తడిపిన ఇటుకలూ మీ గోడకే. మొదట్లో మీ ఇల్లు సూసిపోదామని ఒచ్చినాను. నువ్వొక్కదానివీ ఇటుకలు మోత్తన్నావు."

"మా ఇల్లు నువ్వు సూడ్డమేటి?"

ప్రేమలీల తల వంచుకుంది.

"లిస్టులో మొదటి పేరు నాదే."