డ్యూటీ అంగి

మహిత మోకాలి కింద ఎర్రటి దద్దు కనబడగానే కౌసల్యకు పైప్రాణాలు పైనే పోయాయి.

ఐదేళ్ల పిల్ల. డెంగీతో ఆస్పత్రిలో ఉండి, ఇల్లు చేరి పది రోజులు. మళ్లీ సోకితే బతికించుకోవడం కష్టమని డాక్టరు హెచ్చరించి మరీ పంపాడు. పోనీ కాయిల్ వెలిగిద్దామంటే పిల్లకు ఆయాసం. స్ప్రే కొడితే ఊపిరాడదు. కిటికీ అవతలేమో నీళ్లు నిండిన పాత టైర్ల గుట్ట. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి.

పై పోర్షన్‌లో కిరాయికుండే పవన్‌కుమార్ కాలేజీ ల్యాబులో పనిచేస్తాడు. జాలిపడి ఒక ఉచ్చు చేసిచ్చాడు. నల్ల బకెట్టు, లోపలికి గాలి లాగే చిన్న ఫ్యాను, దాని కింద వల సంచి. బకెట్టు మూతికి ఎవరిదైనా విడిచిన బట్ట చుట్టాలి.

"మనిషి చెమట వాసనకే దోమ వస్తది అక్కా. మందులేం వద్దు."

కౌసల్య తన జాకెట్టు చుట్టింది. రెండు రోజులకు మూడంటే మూడు దోమలు పడ్డాయి. ఆమె చెమట దోమలకు కూడా రుచించలేదు.

"అన్న అంగి పెట్టిచూడు," అన్నాడు పవన్‌కుమార్.

"ఆయన ఫ్యాక్టరీ డ్యూటీ అంగి ఇంట్లకే తేడు. కెమికల్ ఘాటు బిడ్డకు పడదని బయట్నే పిండుకుంటుండు."

ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతులో కాస్త గర్వం. ఏడేళ్ల కాపురంలో సందీప్ జేబురుమాలు ఉతికి ఎరుగడు. బిడ్డ ఇల్లు చేరినప్పటినుంచే ఈ బుద్ధి.

"అయితే వద్దు. సాల్వెంట్ అంటిన అంగి దగ్గరికి దోమ రాదక్కా."

ఇప్పుడీ దద్దు.

నాలుగింటికి సందీప్ షేర్ ఆటో దిగి, నీళ్ల తొట్టి దగ్గర చొక్కా విప్పాడో లేదో, కౌసల్య వచ్చి లాక్కుంది.

"ఏయ్, వద్దు! కెమికల్ అంగి అది!"

"ఉంటే ఉండనీ! ఇంకేం జెయ్యాలె నేను? బిడ్డను కుట్టి సంపుతున్నయి!"

"దోమలు రావని చెప్తున్న గద!"

"రాకుంటే తీసి పారేస్త."

చొక్కా చుట్టి బకెట్టు వాకిట్లో కిటికీ కింద పెట్టింది. ఒక్కటైనా పడాలని కనిపించిన దేవుడికల్లా మొక్కింది. సందీప్ మాత్రం గడప మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

దీపాలు పెట్టే వేళకు వల సంచి నల్లగా నిండిపోయింది. మహిత ఒంటిమీద కొత్త దద్దు ఒక్కటి లేదు. కౌసల్య భోరుమని ఏడ్చేసింది.

"నీ కడుపు సల్లగుండ! నీ చెమటే బిడ్డను కాపాడింది. రేపు సుత డ్యూటీ నుంచి రాంగనే అంగి నాకియ్యాలె."

సందీప్ తలూపాడు.

బిడ్డ ఆస్పత్రిలో ఉన్నప్పుడు నాగాలు పెట్టాడని ఫ్యాక్టరీ వాళ్లు అతణ్ణి తీసేసి అప్పటికి తొమ్మిది రోజులు. ఆ చొక్కా నిండా ఉన్నది పటాన్‌చెరు అడ్డా మీద దొరికిన కూలి పనిలో ఇటుకలు మోసిన చెమట.