పదకొండో వరుస

మూడు వారాలు తల బద్దలుకొట్టుకుని పని చేసింది నేను. పొగడ్తలన్నీ మా అన్న తారస్‌కి పోయాయి!

కెనడాలో మా ఊరు విన్నిపెగ్ బస్సుల యాప్ అది. మనం మైనస్ ముప్ఫై డిగ్రీల చలిలో వణుకుతూ నిలబడితే, ఇంకా రాని బస్సుని వెళ్ళిపోయిందని చూపించేది. దాని కోడ్ అందరికీ కనిపిస్తుంది, ఎవరైనా బాగుచేసి పంపొచ్చు. నేను బాగుచేసి పంపాను. కానీ పంపింది అన్న నాకు తోసేసిన పాత లాప్‌టాప్ నుంచి. దాంట్లో వాడి పేరు అలాగే ఉండిపోయి, నా పని మీద పడింది. ముందు పేరు మార్చుకోవాలని నాకేం తెలుసు?

"ఆ పని నాదని యాప్ నడిపేవాళ్ళకి చెప్పు" అన్నాను.

"లాప్‌టాప్ ఎవరిదే డార్కా? నువ్వింకా ఫస్టియరేగా. నాకైతే ఉద్యోగానికి పనికొస్తుంది" అని పళ్ళికిలించాడు. పైగా అమ్మ వాడికోసం పెరోగీలనే ఆలుగడ్డ కుడుములు కూడా చేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ పూటే లాప్‌టాప్‌లో పేరు మార్చేశాను. వాడితో మాటలు మానేశాను.

నాలుగో రోజు వాడే నా గదికొచ్చాడు, ఫోన్ పట్టుకుని, మొహం మాడ్చుకుని.

"ఎవడో వెధవ ఆ యాప్ కోడ్ పేజీలో అందరి ముందూ అడుగుతున్నాడే! కోడ్‌లో పదకొండో వరుసలో నలభై సెకన్లే ఎందుకు ఆగాలట? యాప్ నడిపేవాళ్ళు కూడా నా జవాబు కోసం కాచుక్కూచున్నారు. చెప్పవే, నీకు పుణ్యముంటుంది."

"అడిగినవాళ్ళ పేరు చదివావా?" అన్నాను.

గబగబా ఫోన్‌లో పేజీ పైకి జరిపి చూశాడు. "డార్కా" అని ఉంది.

ఆ పేజీలో నా పేరు పడటం అదే మొదటిసారి.