కమ్మరి మీద తాళం

"చేతులు చాపవే, కదలకు," అంటూ అక్క టేపుతో చెల్లెలి భుజం కొలిచింది.

"ఇప్పుడు నాకేం కుడుతున్నావక్కా?"

"ఎర్ర చొక్కా. పోయినేడాదిది నీ ఒంటిమీద గోనెసంచిలా వేలాడింది. ఈసారైనా సరిగ్గా ఉండాలి కదా. ఈ కొలతలు నీ ఫోనులో రాసుకో, నాది పొద్దుటినుంచీ కనబడి చావడం లేదు."

చెల్లెలు గుర్రుగా చూసింది. ఇంకెవరైనా అయితే ఆ చూపుకే తడబడేవారు. ఆమె ఆసుపత్రిలో హెడ్‌నర్సు. ఆమె చెప్పుల చప్పుడు వినబడితే చాలు, వార్డులో కబుర్లన్నీ ఆగిపోతాయి. అంతటి మనిషికీ ఏడాదికో వారం మాత్రం తల కొట్టేసినట్టుంటుంది.

దానికి కారణం బావే. ఊళ్ళోని ఆఫీసులకు ఏటా ఫోన్లలో యుద్ధం ఆట పోటీలు పెడతారు. జట్టుకు ఐదుగురు. తలా ఒక పాత్రను ఎంచుకుని, అవతలివాళ్ళ కోటను కూల్చాలి. ఆసుపత్రి జట్టుకు ఈమె నాయకురాలు, పోస్టాఫీసు జట్టుకు బావ నాయకుడు. వరసగా మూడు ఫైనల్సులోనూ బావే గెలిచాడు. ఓడినవాళ్ళు వారంపాటు గెలిచినవాళ్ళ చొక్కా తొడుక్కుని డ్యూటీకి వెళ్ళాలని పందెం. ఆమె పోస్టాఫీసు ఎర్ర చొక్కాలో రౌండ్లకు వెళ్తే, రోగులు తమ పార్సిలు ఎంతవరకు వచ్చిందని అడిగేవారు. నిన్నగాక మొన్న చేరిన నర్సులు కూడా మూతికి చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. నాలుగోసారి కూడా ఆ చొక్కా తొడుక్కోవాల్సి వస్తే వార్డులో తన మాట ఇంకెవరు వింటారన్నది ఆమె దిగులు.

"అసలు నువ్వు ఎవరి పక్షం అక్కా?"

"బట్టలు కుట్టుకునేదాన్ని, నాకు పక్షాలేంటే? ఆ ఆటలో నాకు ఓనమాలు కూడా రావు. మీ గొడవలోకి నన్ను లాగకండి."

ఇంతలో బావ భుజాన తువ్వాలు వేసుకుని వచ్చాడు.

"ఏం మరదలా, ఈసారి కూడా మా కమ్మరిని నిషేధిస్తున్నావా?"

"నీకెందుకు చెప్తాను బావా?"

"నిషేధించు తల్లీ, పుణ్యముంటుంది. వాడు గానీ బరిలోకి దిగాడంటే మీ కోట పది నిమిషాలు నిలవదు!" అంటూ కూనిరాగం తీసుకుంటూ స్నానానికి వెళ్ళాడు.

ఆమెకు ఒళ్ళు మండింది. ఆట మొదలయ్యే ముందు ఒక్కో జట్టు ఒకే ఒక్క పాత్రను అవతలివాళ్ళకు దక్కకుండా నిషేధించవచ్చు. బావ ఏడాది పొడుగునా కమ్మరి, కమ్మరి అని ఊదరగొడతాడు. ఆమె హడలిపోయి కమ్మరిని నిషేధిస్తుంది. బావ తాపీగా పడవవాణ్ణి తీసుకుని గెలుస్తాడు. మూడేళ్ళూ ఇదే తంతు. నిజానికి ఆయన కమ్మరితో ఆడగా చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

"మిషనుకు నూనె వెయ్యాలి," అంది అక్క. "ఆ బల్లమీద మీ బావ ఫోనుంది, కాస్త తీసి అవతల పెట్టు."

ఆమె ఫోను అందుకుంది. ఆ పసుపు కవరు ఆమెకు బాగా తెలుసు. పై మూల విరిగితే బావ దానికి పార్సిళ్ళకు అంటించే టేపు చుట్టాడు. తెర ఇంకా వెలుగుతూనే ఉంది. ఆట తెరిచే ఉంది. వరసగా పాత్రల బొమ్మలు. ఆట మొదలుపెట్టిన రోజే అందరికీ ఊరికే ఇచ్చే పడవవాడు రంగుల్లో మెరుస్తున్నాడు. పాయింట్లు పోగేసి తెరిపించుకోవాల్సిన కమ్మరి మాత్రం బూడిదరంగులో ఉన్నాడు. వాడి మీద తాళం గుర్తు!

ఆమె మరోసారి కళ్ళు చిట్లించి చూసింది. తాళమే. లేని కమ్మరికి భయపడి మూడేళ్ళు ఎర్ర చొక్కా తొడుక్కుందన్నమాట! కోపమూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. స్నానాలగది గడియ చప్పుడు కాగానే ఫోను అవతల పెట్టేసింది.

"ఏంటే, ముఖం అలా వెలిగిపోతోంది?" అంది అక్క.

"ఏం లేదు. చొక్కా కుట్టక్కా. కానీ తెల్లది కుట్టు, బావ కొలతలతో."

ఆదివారం హాలు కిక్కిరిసింది. రెండు జట్లూ ఎదురెదురుగా ఫోన్లు పట్టుకుని కూర్చున్నాయి. అక్క ముందు వరసలో ఉంది. హెడ్‌నర్సు ధీమాగా పడవవాణ్ణి నిషేధించింది. హాలంతా గుసగుసలు. బావ ముఖం వేలాడేశాడు. బుర్ర గోక్కున్నాడు. అక్క వైపు ఒకసారి దిక్కులేనివాడిలా చూశాడు. తర్వాత నెమ్మదిగా వేలు కదిపాడు.

పెద్ద తెర మీద కమ్మరి సుత్తి ఎత్తాడు.

తాళం ఏమైంది? ఆలోచించే వ్యవధి కూడా దొరకలేదు. తొమ్మిదో నిమిషంలో ఆసుపత్రి కోట నేలమట్టమైంది.

ఆ సాయంత్రం అక్క ఇంట్లో అద్దం ముందు నిలబడి ఆమె ఎర్ర చొక్కా తొడుక్కుంది. అక్క కొలిచి కుట్టింది కదా, అతికినట్టు సరిపోయింది. దానికామెకు ఇంకాస్త ఏడుపొచ్చింది.

"నా కళ్ళతో చూశానక్కా! కమ్మరి మీద తాళం ఉంది!"

"ఉండే ఉంటుంది," అంది అక్క, చివరి గుండీ బిగిస్తూ.

"నేనేం పొరబడలేదు. అదే పసుపు కవరు, అదే విరిగిన మూల, అదే టేపు. అది బావ ఫోనే!"

అక్క దారం పళ్ళతో కొరికి, చెల్లెలి కాలరు సర్దింది.

"ఫోను నాదే, కవరే ఆయనది."